పల్నాట కరువు పనులు

ఆకలితో వచ్చినవారికి ఊరికే గింజలు పోయకుండా, ఏదో ఒక పని చేయించుకొని కూలి రూపంలో తిండి ఇవ్వడం కరువు పని. చెరువు పూడిక తీయడం, కట్టకు మట్టి మోయడం, రోడ్డుకు కంకర కొట్టడం, కాలువ తవ్వడం ఇందులో ఎప్పుడూ కనిపించేవి. పల్నాడు వంటి మెట్ట సీమ ఈ పద్ధతిని కంపెనీ కాలం నుంచి ఉపాధి హామీ దాకా పలు పేర్లతో చూసింది. ఆ పొడవునా ఒక చిక్కు వెంటాడింది. పని పెట్టేది ఆ పని అవసరమనా, లేక వచ్చినవాడి ఆకలి నిజమో కాదో తేల్చుకోవడానికా? చాలాకాలం ప్రభుత్వాలు రెండో దాన్నే పట్టుకున్నాయి. కూలికి వచ్చిన మనిషికి ఒక విద్య నేర్పి పంపుదామన్న ఆలోచన చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా వచ్చింది.

పల్నాటికి ఉత్తరాన కృష్ణ పారుతుంది. అయితే నది లోతైన లోయలో పారుతూ పోతుంది, పొలాలేమో ఎత్తున ఉంటాయి. మాచర్ల పక్కన చంద్రవంక, కారెంపూడి దగ్గర నాగులేరు వానలు పడితే పొంగుతాయి, లేకపోతే ఎండుతాయి. నేల కింద సున్నపురాయి, నాపరాయి. పైన కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల పారకు లొంగని గరుసు నేల. జొన్న, సజ్జ పండితే తిండి, లేకుంటే పస్తు. శ్రీనాథుడి పేరిట జనం నోట నిలిచిన చాటువులు పల్నాటిని జొన్నకూటి సీమగా ఎగతాళి చేశాయి. పండిన ఏడు ఆ జొన్నకూడే ఇక్కడివారి బలం. అది కూడా దొరకని ఏడే కరువు. పాత పల్నాడు తాలూకాకు గురజాల ముఖ్య కేంద్రం. నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి తాలూకాలు దానికి ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతాలు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా గుంటూరు పడమటి మెట్టనంతా దాదాపు ఒక్కచోటికి చేర్చింది.

గుంటూరు సీమ చరిత్రలో అన్నిటికన్నా ఘోరమైన కరువు 1832-33లో వచ్చింది. అది నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అన్నారు. మనుషులు డొక్కలెండి చచ్చారు కాబట్టి డొక్కల కరువు అనీ అన్నారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. ఇంచుమించు ముగ్గురిలో ఒకరు. తిండి కోసం జనం మద్రాసు దారి పట్టారు, ఎందరో దారిలోనే పడిపోయారు. మద్రాసులో 1780ల కరువు నాడు మొదలైన మణేగారు సత్రం వంటి గంజి కేంద్రాలు ఉన్నాయి. పల్నాటి నుంచి అక్కడికి చేరడమంటే బక్కచిక్కిన ఒంటితో వారాల తరబడి నడక. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదన్నది కంపెనీ అధికారుల గట్టి నమ్మకం. సాయం ఆలస్యమైంది, చాల్లేదు కూడా. రైతులు చచ్చిపోయాక పన్ను రాబడి కూలిపోయింది. 1840ల్లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్‌ను గుంటూరు వ్యవహారాల విచారణకు పంపడానికి దారితీసింది ఆకలి చావుల కన్నా ఖాళీ అయిన ఖజానాయే అనుకోవాలి.

ఆ దెబ్బ తర్వాతి కాలంలోనే గోదావరి, కృష్ణ ఆనకట్టల పనులు కదిలాయి. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855కు పూర్తయింది. దాంతో తెనాలి, రేపల్లె వైపు డెల్టా మాగాణి అయింది. ఆనకట్టకు ఎగువనున్న పల్నాటికి మాత్రం చుక్క నీరు రాలేదు. ఒకే జిల్లాలో తూర్పున వరి, పడమట వాన కోసం ఎదురుచూపు. ఈ తేడా తర్వాతి వంద ఏళ్లూ కొనసాగింది. కరువు పనుల అవసరం పల్నాట మిగిలిపోవడానికి మూలం ఇదే.

నందన కరువు నడుస్తున్న 1832లోనే ఇంగ్లండులో పేదల చట్టం మీద ఒక రాయల్ కమిషన్ కూర్చుంది. దాని ఫలితంగా వచ్చిన 1834 చట్టం, సాయం పొందేవాడి స్థితి సొంతంగా బతికే అడుగు కూలీ స్థితి కన్నా తక్కువగా ఉండాలన్న సూత్రాన్ని నిలబెట్టింది. తిండి కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి, అక్కడ బతుకు కష్టంగా ఉండాలి. అప్పుడే నిజంగా గతిలేనివాడు మాత్రమే వస్తాడని తర్కం. ఈ తర్కం ఓడెక్కి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పనిదొంగల్ని ఏరడానికి ఇంగ్లండు కోసం తయారైన కొలత, వాన పడక పంటే లేని ఊళ్లకు వర్తించింది.

దాని పర్యవసానం 1876-78 నాటి ధాత కరువులో బయటపడింది. కృష్ణ డెల్టా ఆనకట్ట నీటితో చాలావరకు గట్టెక్కింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. పల్నాటికి ఒకవైపు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, ఇంకోవైపు నెల్లూరు జిల్లాలోని ఒంగోలు పొరుగు తాలూకాలు. మద్రాసు ప్రభుత్వం మొదట్లో పెద్ద ఎత్తున కరువు పనులు తెరిచింది. ఖర్చు చూసి బెదిరిన వైస్రాయి లిట్టన్, 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. టెంపుల్ మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా రాళ్లు కొట్టేవాడికి ఇది ఏ మూలకని మద్రాసు శానిటరీ కమిషనర్, వైద్యుడు కార్నిష్ ఎదురు తిరిగాడు. కనీసం పౌనున్నర ధాన్యం, పైన పప్పు కావాలని లెక్కలు చూపించి వాదించాడు. కూలీలు చిక్కి శల్యమవుతున్నట్టు నివేదికలు రావడంతో కొన్ని నెలలకే ఆ కూలిని పెంచక తప్పలేదు. విచిత్రమేమంటే, 1874లో బెంగాలు కరువుకు ధారాళంగా ఖర్చుపెట్టి మాటపడ్డవాడు కూడా ఈ టెంపులే. ఆ మచ్చ తుడుచుకునే తొందరలో తెలుగు కూలీల కడుపు కొలిచాడని తరవాతి చరిత్రకారులు రాశారు.

ఆ కరువులో తవ్విన పనుల్లో బకింగ్‌హామ్ కాలువ ముఖ్యమైనది. తీరం వెంట అప్పటికే ఉన్న కాలువల్ని కలుపుతూ మిగిలిన భాగాన్ని కరువు పనిగా పూర్తి చేశారు. అప్పటి గవర్నరు పేరు దానికి నిలిచింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని నడిపించాడు. పనికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. మిగతా చోట్ల మేస్త్రీల తిట్లు, దెబ్బలు, కులం పేరుతో అవమానాలు ఉండేవి. ఇక్కడ క్లౌ తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్లూ చాలావరకు ఆ కులం నుంచి వచ్చినవాళ్లే. కూలీలకు గుడిసెలు వేయించి, కూలి చేతికిచ్చే ఏర్పాటు చేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా, పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. కరువు పని చరిత్రకు మాత్రం ఇందులో అక్కరకొచ్చే సంగతి వేరే ఉంది: మేస్త్రీ ఎవరన్నదాన్ని బట్టే ఆ కూలి ఎవరికి అందుతుందో తేలింది.

1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883 నుంచి రాష్ట్రాల వారీగా కరువు నిబంధనావళులు తయారయ్యాయి. వాటిలో పని పెట్టే క్రమం చాలా వివరంగా ఉంటుంది. వానలు తప్పాయనీ ధరలు పెరిగాయనీ కరణం, మునసబు రాసి పంపిన వివరాలతో తాసీల్దారు మొదట ఓ కన్నేసి ఉంచుతాడు. తర్వాత పరీక్ష పనులు తెరుస్తారు. కష్టమైన పని, తక్కువ కూలి. అయినా జనం ఎగబడితే కరువు నిజమని నిర్ధారణ. ఎవరూ రాకపోతే పనులు మూసేస్తారు. కరువు ప్రకటించాక పెద్ద పనులు మొదలవుతాయి. కూలీలను ముఠాలుగా కడతారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు తట్టలు మోస్తారు. తవ్విన గుంటలో మధ్యన చిన్న దిబ్బను వదిలి, దాని ఎత్తును బట్టి ఎంత మట్టి లేచిందో కొలుస్తారు. కూలి ధాన్యం ధరను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కొలత తగ్గితే కూలి తెగుతుంది. ముసలివాళ్లు, గుడ్డివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు వంటి వారిని వేరే పట్టీలో రాసి ఊళ్లోనే ఉచితంగా సాయం చేస్తారు. చిన్నపిల్లలకు పనిచోట గంజి పోస్తారు.

కాగితం మీద ఇది పకడ్బందీగా ఉంది, 1830ల నాటి అలక్ష్యంతో పోలిస్తే చాలా మెరుగు కూడా. లోపం దాని ఎంపికలో ఉంది. ఎక్కువమందిని ఒకచోట చేర్చి కొలవడానికి వీలైన పనినే నిబంధనావళి ఇష్టపడుతుంది. కాబట్టి కంకర కుప్పలు పెరిగాయి. నాపరాయికి కొదవలేని పల్నాడు వంటి చోట కంకర కొట్టించడం మరీ సులువు. ఊరి చెరువు బాగు చేస్తే వచ్చే ఏడు పంటకు పనికొచ్చేది. చెరువులు చిన్నవి, చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక్కో చెరువుకు ఒక్కో పర్యవేక్షకుణ్ణి పంపాలి. పైగా మరమ్మతులు ఊరివాళ్లే చేసుకోవాలన్న పాత ఆచారాన్ని మద్రాసు ప్రభుత్వం 1858 చట్టంతో నిర్బంధం చేసి పెట్టుకుంది. ఊరికే వచ్చే చాకిరీకి కూలి ఎందుకివ్వాలన్న లెక్క అధికారుల మనసులో ఉండి ఉండాలి.

చేతి విద్య ఉన్నవారి సంగతి నిబంధనావళి కొంత ఆలోచించింది. నేతగాడి చేత రాళ్లు కొట్టిస్తే వేళ్లు మొద్దుబారి, కరువు తీరినా మగ్గం మీద కూర్చోలేడు. అందుకని మద్రాసు రాష్ట్రంలో 1877లోనే సాలెవారికి నూలు బదులిచ్చి, నేసిన బట్టను ప్రభుత్వమే కొనే ఏర్పాటు జరిగింది. తర్వాత అది నియమంగా స్థిరపడింది. సాయం పుచ్చుకునేవాడి వృత్తిని కాపాడాలన్న స్పృహ దీనిలో తొలిసారి కనిపిస్తుంది. వడ్డెరలది దీనికి తిరగేసిన కథ. మట్టి పని, రాతి పని వాళ్ల కులవృత్తి. కొలత పనిలో అందరికన్నా ముందుండేవారు. వాళ్లకు కరువు పని మామూలు కాంట్రాక్టులా నడిచేది. పార పట్టడం తెలియని రైతు కూలీ, పశువుల కాపరి వాళ్ల పక్కన నిలబడి సగం కూలి తెచ్చుకునేవాడు. అయినా వడ్డెర మేస్త్రీ చేత మిగతావారికి పని నేర్పించాలని ఎవరికీ తోచలేదు. కరువు తీరగానే ఈ ముఠాలు విడిపోవాలి, ఖర్చు ఆగాలి. నేర్పడానికి వ్యవధి లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ నిబంధనావళే కొన్ని మార్పులతో నడిచింది. 1952లో రాయలసీమ కరువుకు గంజి కేంద్రాలు తెరిచారు, బావులు లోతు చేయడానికి సైన్యం వచ్చింది. పల్నాటి తలరాత మార్చిన పని మాత్రం కరువు పనిగా మొదలైంది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. యంత్రాల కన్నా మనుషుల మీద ఎక్కువ ఆధారపడి, రాతితో కట్టిన డ్యామ్ అది. పాలమూరు వంటి కరువు జిల్లాల నుంచి కూలీలు కుటుంబాలతో తరలివచ్చి సారువల మీదుగా రాళ్లు, సున్నం మోశారు. మాచర్ల పక్కన ఉన్న కుడిగట్టు ఒక కూలీల పట్టణమైంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. 203 కిలోమీటర్ల కుడి కాలువ, జవహర్ కాలువ, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో దాదాపు 11 లక్షల ఎకరాలకు ఉద్దేశించింది. జొన్న చేలల్లో వరి, పత్తి, మిరప వచ్చాయి. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం వచ్చింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి నాపరాళ్లు కూలికి కొత్త చోట్లయ్యాయి. ఒకప్పుడు ఊరొదిలిపోయిన సీమకే ఇప్పుడు మిరపకాయ కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కూలీలు వస్తారు. కాలువ అందని ఎత్తు పొలాలకూ, చివరి భూములకూ మాత్రం వాన మీద ఆధారం పోలేదు.

కూలిగా మళ్లీ ధాన్యాన్నే ఇవ్వడం 1977లో మొదలైంది. గోదాముల్లో గోధుమలు నిండిపోవడంతో జనతా ప్రభుత్వం పనికి ఆహారం పథకం తెచ్చింది. 1980లో అది జాతీయ గ్రామీణ ఉపాధి పథకంగా, 1989లో జవహర్ రోజ్‌గార్ యోజనగా మారింది. 2001 నాటికి దేశంలో ధాన్యం నిల్వలు మళ్లీ పేరుకుపోయాయి, ఆంధ్రప్రదేశ్‌లో వానలు తప్పాయి. పనికి ఆహార పథకం కింద రాష్ట్రానికి బియ్యం భారీగా వచ్చింది. ఆ ఏడే మొదలైన సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజనలో రోజు కూలికి 5 కిలోల ధాన్యం, కూలిలో కనీసం నాలుగో వంతు డబ్బుగా ఇవ్వాలని నియమం. పని మనుషులతో చేయించాలి, కాంట్రాక్టర్లు ఉండకూడదు. జరిగింది చాలాచోట్ల వేరు. యంత్రాలతో పూడిక తీయించి మస్టర్లలో పేర్లు రాసుకోవడం, బియ్యం కూపన్లు వ్యాపారికి అమ్మడం, అదే బియ్యం మిల్లుల మీదుగా తిరిగి ప్రభుత్వ గోదాముకే చేరడం రాష్ట్రంలో పరిశోధకులూ పత్రికలూ బయటపెట్టిన సంగతులు. ధాన్యమిచ్చే పథకానికి ఇదొక స్వభావ దోషం. బియ్యం మోయాలి, దాచాలి, తూయాలి. చేయి మారిన ప్రతిచోటా కొంత జారిపోతుంది.

2005 ఉపాధి హామీ చట్టం కూలిని పూర్తిగా డబ్బు చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అది మొదలైంది. తొలివిడతలో రాష్ట్రం నుంచి 13 జిల్లాలున్నాయి. వాటిలో గుంటూరు లేదు. డెల్టా పంటలతో జిల్లా సగటు పెరిగిపోయి, పడమటి పల్నాటి మెట్ట లెక్కలో కనపడకుండా పోయిందనుకోవచ్చు. 2007లో రెండో విడతలో గుంటూరు చేరింది. టెంపుల్ నాటి నిబంధనల పక్కన ఈ చట్టాన్ని పెట్టి చూస్తే తేడా తేటగా తెలుస్తుంది. అప్పుడు పని కావాలనే ఇంటికి దూరంగా పెట్టేవారు. ఈ చట్టం 5 కిలోమీటర్ల లోపు ఇవ్వాలంది, దాటితే కూలి మీద పది శాతం ఎక్కువ. అప్పుడు ఆకలిని కూలీ రుజువు చేసుకోవాలి. ఈ చట్టం అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే ప్రభుత్వమే భృతి కట్టాలంది. రాష్ట్రంలో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చి, వాళ్లలో ఒకరిని మేటుగా పెట్టారు. గుంట కొలత, ముఠా కూలి పాత పద్ధతే. ఫీల్డ్ అసిస్టెంటు, పే స్లిప్పు, ఊరి మధ్యలో జరిగే సామాజిక తనిఖీ కొత్తవి. మెట్ట నేల వేసవిలో రాయిలా గట్టిపడుతుంది కాబట్టి, ఫిబ్రవరి నుంచి జూన్ వరకు కొలతలో 20 నుంచి 30 శాతం వెసులుబాటు ఇచ్చారు. పల్నాట మిరప కోతలు ముగిసి పొలం పని లేని ఏప్రిల్, మే నెలలే ఈ పనికి రద్దీ. మొదట్లో 80 రూపాయలున్న రోజు కూలి 2025-26కు 307 రూపాయలైంది.

తిండికీ పనికీ ఉన్న ముడి మరో దారిలోనూ విడిపోయింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు రేషన్ కార్డు ఉంటే చాలు, పార పట్టనక్కర్లేదు. సాగర్ నీరు, ఆ బియ్యం కలిసి పల్నాటి కంచంలో జొన్న అన్నాన్ని వెనక్కి నెట్టాయి. 2013 ఆహార భద్రతా చట్టం అర్హత ఉన్న మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది. 2023 జనవరి నుంచి అది ఉచితం. అమెరికా దీనికి ఎదురుదిశలో నడిచింది. అక్కడ 1985 చట్టం ఫుడ్ స్టాంపులు తీసుకునేవారికి ఉపాధి, శిక్షణ కార్యక్రమం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. 1996 చట్టం పిల్లలు లేని 18 నుంచి 50 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులకు, వారానికి 20 గంటలు పనో శిక్షణో లేకపోతే మూడేళ్లలో మూడు నెలలే ఆ సాయం అంది.

మనకు శిక్షణ వేరే వాకిట్లోంచి వచ్చింది. 1979 ఆగస్టు 15న మొదలైన ట్రైసెమ్ పథకం పేద గ్రామీణ యువతకు స్టైపెండుతో కుట్టుపని, మెకానిక్ పని వంటివి నేర్పింది. నేర్చుకున్న ఊళ్లో ఆ పనికి గిరాకీ ఉందా అని చూడకపోవడం దాని ప్రధాన లోపం. చాలామంది మళ్లీ పొలం కూలికే వెళ్లారు. 1999లో అది స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ పెట్టి క్రమాన్ని తిరగేసింది. ముందు కంపెనీలకు ఎలాంటి మనుషులు కావాలో అడిగి, ఆ తరవాత నేర్పడం. దుకాణాల్లో అమ్మకం, సెక్యూరిటీ, భవన నిర్మాణం, కాస్త ఇంగ్లిషు, కంప్యూటరు అందులో ఉండేవి. తాపీపని, ప్లంబింగు, కడ్డీ వంచే పని నేర్పడానికి 1998లోనే హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఏర్పడి ఉంది. ఈ శిక్షణలు పిల్లల్ని పట్నానికి పంపాయి. హైదరాబాద్ అద్దెలు, ఆహారం పోను చేతిలో మిగిలేది తక్కువ కావడంతో కొందరు తిరిగొచ్చేవారు. ఇది పల్నాటికే పరిమితమైన సమస్య కాదు.

సాయం పొందే జాబితాకూ శిక్షణ గదికీ మధ్య నేరుగా తలుపు తెరిచింది 2014 నాటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 15 నుంచి 35 ఏళ్లవారికి ఉద్దేశించిన ఈ పథకంలో, అంత్యోదయ కార్డున్న కుటుంబాలకు అర్హత ఉంది. క్రితం ఏడు 15 రోజులు ఉపాధి పని చేసిన కుటుంబాలకూ ఉంది. అంటే తల్లి పట్టిన పార కూతురి దరఖాస్తుకు ఆధారమైంది. 2019-20లో వచ్చిన ఉన్నతి ప్రాజెక్టు కూలీనే ఎంచుకుంది. 100 రోజుల పని పూర్తిచేసిన కుటుంబం నుంచి 18 నుంచి 45 ఏళ్ల లోపు ఒకరిని తీసుకొని, శిక్షణ సాగిన రోజులకు, గరిష్ఠంగా 100 రోజుల వరకు, ఉపాధి కూలితో సమానమైన స్టైపెండు ఇచ్చింది. కూర్చొని నేర్చుకున్న రోజుకు మట్టి మోసిన రోజుతో సమంగా కూలి కట్టడం 1883 నిబంధనావళిలో లేని సంగతి. ఇంటికి ఒక్కరే అన్న పరిమితి మాత్రం ఉన్నతిలో ఉండేది.